ఏ బ్రాంచికి ఏ కొలువు?



ఇంజనీరింగ్ సీట్ల కోసం రాసే ఈఏపీసెట్ ర్యాంకులు వచ్చాయంటే బెజవాడ చుట్టుపక్కల కొన్ని వారాలపాటు ఎక్కడ విన్నా ఒకటే ముచ్చట. బెంజి సర్కిల్ బస్టాపులో, గుడివాడ వెళ్లే పల్లెవెలుగులో, తెనాలి ప్యాసింజరులో, పెళ్లిభోజనాల బంతిలో అదే మాట. "మీవాడికి ర్యాంకెంతండీ? ఏ బ్రాంచి అనుకుంటున్నారు?" తండ్రి నోరు తెరిచేలోపే పక్కాయన సలహా పారేస్తాడు. "ఇంకా ఆలోచనేంటండీ, సీఎస్‌ఈ పెట్టించేయండి. మా తోడల్లుడి కొడుకు బెంగుళూరులో ఉన్నాడు, ఏడాదికి పన్నెండు లక్షలు." ఆ కుర్రాడు కాలేజీలో ఏ సంవత్సరం చేరాడు, అతని సెక్షనులోని మిగతావాళ్లు ఇప్పుడేం చేస్తున్నారు అని ఆ బంతిలో ఎవరూ అడగరు. అప్పడాలు వడ్డించే హడావుడిలో అసలు ప్రశ్న కొట్టుకుపోతుంది.

కాలేజీ, బ్రాంచి కోరుకుంటూ వెబ్ ఆప్షన్లు పెట్టేది ఈ ఏడాది. కొలువు వెతుక్కునేది నాలుగేళ్ల తరువాత. ఆప్షన్లు పెట్టే నాడు కళ్లకు కనిపించే జీతాలన్నీ ఎప్పుడో నాలుగైదేళ్ల కిందట సీటు తీసుకున్నవారివి. ఈ మధ్యకాలంలో గిరాకీ ఎటు తిరుగుతుందో ఎవరి జేబులోనూ చీటీ రాసి ఉండదు. కృష్ణా డెల్టా ఆ తిరుగుడును ఇప్పటికే చాలాసార్లు చూసింది.

ఒకప్పుడు ఇక్కడ ఇంజనీరంటే సివిల్ ఇంజనీరే. ఆర్థర్ కాటన్ ప్రణాళికతో 1855 నాటికి కృష్ణ మీద కట్టిన ఆనకట్ట, దాని కాలువలు, లాకులు, తూములు చూస్తూ పెరిగిన రైతుబిడ్డలకు నీటిని మళ్లించేవాడే ఇంజనీరు. కంకిపాడులో 1902లో పుట్టిన కానూరి లక్ష్మణరావు ఆ తరానికి పెద్ద గుర్తు. మద్రాసు గిండీ కాలేజీలో చదివి, ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు తీసుకున్నారు. నాగార్జునసాగర్ నిర్మాణంలో ఆయన పాత్ర పెద్దది. విజయవాడ నుంచి మూడుసార్లు లోక్‌సభకు గెలిచి, కేంద్రంలో నీటిపారుదల, విద్యుత్ శాఖల మంత్రిగా పనిచేశారు. పులిచింతల జలాశయానికి ఇప్పుడు ఆయన పేరే. 1952లో పాత ఆనకట్టకు గండిపడి, 1957 నాటికి ప్రకాశం బ్యారేజీ లేచి నిలిచిన ఆ రోజుల్లో ప్రజా పనుల శాఖ, అంటే పీడబ్ల్యూడీ ఉద్యోగికి మించిన పెళ్లి సంబంధం లేదు.

తరువాత వంతు కరెంటుది. ఇబ్రహీంపట్నంలో 1979లో థర్మల్ కేంద్రం మొదటి యూనిట్ మొదలైంది. విద్యుత్ బోర్డు ఛైర్మన్‌గా చాలాకాలం పనిచేసిన కృష్ణా జిల్లావాసి నార్ల తాతారావు పేరే తరువాత దానికి పెట్టారు. సబ్‌స్టేషన్లు, లైన్లు, పొలాల్లో మోటార్లు పెరిగేకొద్దీ ఎలక్ట్రికల్ సీటుకు విలువ పెరిగింది. సరిగ్గా ఆ కాలంలోనే చదువు కూడా ఇంటి దగ్గరికి వచ్చింది. కానూరులో 1977లో సిద్ధార్థ ఇంజనీరింగ్ కాలేజీ, వడ్డేశ్వరంలో 1980లో కె.ఎల్. కాలేజీ, 1981లో బాపట్ల ఇంజనీరింగ్ కాలేజీ. అంతకుముందు కాకినాడకో వరంగల్లుకో పంపలేక ఆగిపోయిన కుటుంబాలు ఇంజనీరింగ్ ముఖం చూసింది అప్పుడే.

1990ల చివర అంతా కంప్యూటరు. 2000 సంవత్సరంలోకి మారే క్షణంలో పాత ప్రోగ్రాములు తారీఖులు తప్పుతాయన్న భయంతో అమెరికా కంపెనీలకు వేలమంది కావాల్సివచ్చారు. సివిల్ చదివినవారూ మెకానికల్ చదివినవారూ హైదరాబాదు అమీర్‌పేటలో మూడు నెలలు కోర్సు చేసి విమానం ఎక్కారు. 2001లో అక్కడి మార్కెట్టు కూలింది. చాలామంది పెట్టెలు సర్దుకుని వెనక్కి వచ్చారు. మళ్లీ పుంజుకుంటున్న వేళ 2008లో ప్రపంచ మాంద్యం, 2009 జనవరిలో సత్యం కంప్యూటర్స్ కుంభకోణం. ఫీజుల చెల్లింపు పథకం పుణ్యమా అని ఉమ్మడి రాష్ట్రంలో కాలేజీల సంఖ్య ఏడు వందల దరిదాపులకు చేరింది కూడా ఆ కాలంలోనే. ఒకపక్క సీట్లు పొంగుతుంటే ఇంకోపక్క చేతికొచ్చిన ఆఫర్ లెటర్లు నెలల తరబడి ఆగిపోయాయి.

ఆ పొంగు దేశమంతటా ఉన్నదే. పారిశ్రామికవేత్త బీవీఆర్ మోహన్ రెడ్డి అధ్యక్షతన అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) వేసిన కమిటీ, ఉన్న సీట్లలో సగమే నిండుతున్నాయని 2018లో లెక్క తేల్చింది. దాని సిఫార్సు మీద 2020 నుంచి కొత్త కాలేజీలకు అనుమతులు ఆపారు. 2023లో ఆ ఆంక్ష ఎత్తేశారు. 2024-25 నుంచి ఒక్కో బ్రాంచిలో ఇన్నే సీట్లు ఉండాలన్న పరిమితి కూడా తీసేశారు. దాంతో పేరున్న కాలేజీలు కంప్యూటర్ సైన్స్ సెక్షన్లు పెంచుకున్నాయి. మెకానికల్, సివిల్ సీట్లు తగ్గించుకున్నాయి. కొన్నిచోట్ల ఆ బ్రాంచీలనే ఎత్తేశాయి.

అయితే కంప్యూటర్ సైన్స్, అంటే సీఎస్‌ఈ తీసుకోవడం తప్పా? ఎంతమాత్రం కాదు. రాష్ట్రంలో తాజా పట్టభద్రులను ఎక్కువ సంఖ్యలో తీసుకునేది ఇప్పటికీ సాఫ్ట్‌వేర్ రంగమే. గన్నవరం పక్కన కేసరపల్లిలో హెచ్‌సీఎల్ ప్రాంగణం వచ్చాక, రాత్రి షిఫ్టు ముగించుకుని ఉయ్యూరులో సొంత ఇంటికి వచ్చి పడుకునే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు కూడా తయారయ్యారు. అమరావతిలో క్వాంటమ్ వ్యాలీ అని 2025లో ప్రకటన వచ్చింది. కానీ అదే 2025 జులైలో టీసీఎస్ తన సిబ్బందిలో సుమారు రెండు శాతాన్ని, అంటే పన్నెండు వేల మందికి పైగా ఉద్యోగులను తగ్గించుకుంటున్నామని ప్రకటించింది. కోడు రాసే పనిలో తేలికపాటి భాగాన్ని కృత్రిమ మేధ చేసిపెడుతోంది. ఇక ముందు కంపెనీకి కావలసింది ఆ కోడు సరిగా ఉందో లేదో పట్టుకోగలవాడు. నాలుగేళ్లూ రికార్డు పుస్తకాలు కాపీ కొట్టి, చివరి ఏడు ప్రాజెక్టు కొనుక్కున్నవాడికి ఆ సంగతి తెలిసే వీలు లేదు.

ఇక్కడ బ్రాంచీల పేర్ల గొడవ కొంత ఉంది. సీఎస్‌ఈకి తోకగా ఏఐ అండ్ ఎంఎల్, డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ, ఐవోటీ అని రకరకాల పేర్లు చేరాయి. వీటిలో చాలావాటికి మొదటి రెండేళ్ల పాఠాలు దాదాపు ఒకటే. డేటా స్ట్రక్చర్లు, ఆపరేటింగ్ సిస్టమ్స్, డేటాబేసులు, నెట్‌వర్కులు ఎవరికైనా తప్పవు. కంపెనీ పరీక్షలో అడిగేది కూడా వాటినే. కాబట్టి మంచి కాలేజీలో మామూలు సీఎస్‌ఈ దొరుకుతుంటే, కొత్త పేరు మోజులో అధ్యాపకులు సరిగా లేని కాలేజీకి వెళ్లనక్కర్లేదు. ప్రభుత్వ ఉద్యోగం మీద ఆశ ఉన్నవారు ఇంకొకటి చూసుకోవాలి. నోటిఫికేషన్లలో అర్హత కింద రాసేవి ఎక్కువగా మూల బ్రాంచీల పేర్లే. కొత్త పేరు దానికి సమానమని నిరూపించుకునే తంటా అభ్యర్థి మెడకే చుట్టుకుంటుంది.

మరి మిగతా బ్రాంచీలకు పనెక్కడుంది? కళ్లు తెరిచి చూస్తే డెల్టా అంతటా ఉంది.

కైకలూరు, కలిదిండి, బంటుమిల్లి, నాగాయలంక వైపు ఒక వనామీ రొయ్యల చెరువు గట్టు మీద రాత్రి రెండు గంటలకు ఏం జరుగుతుందో చూస్తే చాలు. పగలు నీటిలోని నాచు ఎండ తగిలి ఆక్సిజన్ వదులుతుంది. చీకటి పడ్డాక నాచు, రొయ్య, అడుగు బురదలోని సూక్ష్మజీవులు అన్నీ ఆక్సిజన్ పీల్చుకునేవే. తెల్లవారుజాముకు అది బాగా పడిపోతుంది. లీటరు నీటికి మూడు మిల్లీగ్రాముల కంటే దిగిందంటే రొయ్యలు ఉక్కిరిబిక్కిరై పైకి తేలతాయి. ఆ గంటలో నీటికి గాలి అందించే ఏరేటర్లు ఆగితే, పంటంతా తెల్లారేసరికి పోతుంది. అందుకే కాపలా మనిషి టార్చిలైటు పట్టుకుని గట్టు చుట్టూ తిరుగుతుంటాడు. కరెంటు పోతే జనరేటరు, జనరేటరు మొరాయిస్తే పరుగులు.

ఆ ఒక్క చెరువులోనే ఎన్ని బ్రాంచీలున్నాయో లెక్కపెట్టవచ్చు. నీరు చిమ్మే ఏరేటర్ చక్రం మెకానికల్. దాని మోటారు, స్టార్టరు, లైను, జనరేటరు ఎలక్ట్రికల్. నీటిలోని ఆక్సిజన్ కొలిచే సెన్సర్ ఎలక్ట్రానిక్స్. కొలత పడిపోగానే రైతు ఫోనుకు కబురు పంపేది కంప్యూటర్ సైన్స్. గట్టు, తూము, మురుగు కాలువ సివిల్. ఇదేమీ ఊహాగానం కాదు. విజయవాడలోనే 2012లో ఎరువాక టెక్నాలజీస్ అనే సంస్థ శ్రీరామ్ రావి నాయకత్వంలో ఇదే పని మొదలుపెట్టింది. చెరువు నీటిని కనిపెట్టి చూసే పరికరాలు, కొలత ప్రకారం మేత చల్లే యంత్రాలు తయారుచేసింది. హాలెండుకు చెందిన న్యూట్రెకో అనే దాణా సంస్థ వచ్చి అందులో పెట్టుబడి పెట్టింది. చెరువు గట్టున పెరిగి, ఈసీఈ చదివి, ఆ రెంటినీ కలపగల కుర్రాడికి పోటీ తక్కువ. హైదరాబాదులోనో పుణేలోనో పుట్టి పెరిగినవాడికి ఆ చెరువు అర్థం కావడానికే రెండేళ్లు పడుతుంది.

బందరు సంగతి ఇంకో రకం. 1926లో అక్కడ ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ పుట్టింది. కాలేజీ ప్రయోగశాలలకు కావలసిన పరికరాలు చేసేది. 1983లో దాన్ని భారత్ ఎలక్ట్రానిక్స్ తీసుకుంది. ఇప్పుడు సైన్యానికి చీకట్లో చూసే పరికరాలు, కటకాల సామగ్రి అక్కడ తయారవుతున్నాయి. నిమ్మలూరులో కొత్త కర్మాగారం కూడా వచ్చింది. కటకం చెక్కడానికి మెకానికల్ చేతివాటం కావాలి, కాంతిని లెక్కకట్టడానికి ఫిజిక్స్ కావాలి, బొమ్మ తెర మీద పడడానికి ఎలక్ట్రానిక్స్ కావాలి. ఇంటర్‌లో ఆప్టిక్స్ పాఠం ఇష్టపడ్డ పిల్లలకు ఆ పాఠం మీద బతకవచ్చని చెప్పేవారే తక్కువ.

విజయవాడ ఆటోనగర్ 1960ల నుంచి లారీ బాడీలకు ప్రసిద్ధి. బాడీ కట్టడం, షాసీ సరిచేయడం, ఇంజను బోరింగు అన్నీ అక్కడే. అయితే ఉన్నమాట చెప్పుకోవాలి. ఆ షెడ్లలో ఇంజనీరింగ్ పట్టాకు పెద్ద జీతం లేదు, అనుభవానికే విలువ. పట్టభద్రుడికి కొలువు దొరికేది మల్లవల్లి లాంటి చోట. అక్కడ అశోక్ లేలాండ్ బస్సుల కర్మాగారం 2025 మార్చిలో ప్రారంభమైంది. బ్యాటరీ బస్సులు వచ్చేకొద్దీ మెకానికల్ విద్యార్థికి మోటార్లు, ఎలక్ట్రికల్ విద్యార్థికి బండి నిర్మాణం తెలియక తప్పని రోజులివి. రైల్వేలో రాయనపాడు వ్యాగన్ వర్క్‌షాపు, విజయవాడ ఎలక్ట్రిక్ లోకోషెడ్ ఉండనే ఉన్నాయి. వాటిలో జూనియర్ ఇంజనీరు పోస్టులకు డిప్లొమా వారు, బీటెక్ వారు కలిసి పోటీ పడతారు.

సివిల్ మాటకొస్తే, దాని ఎత్తుపల్లాలు ఈ ప్రాంతం కంటే బాగా చూసినవారు లేరు. 2015 అక్టోబరు 22న అమరావతికి శంకుస్థాపన జరిగింది. ఆ మరుసటి ఏడు సివిల్‌లో చేరినవాడు 2020లో పట్టా పుచ్చుకునేసరికి పనులు ఆగి ఉన్నాయి, క్రేన్లు తుప్పు పడుతున్నాయి. 2025 మే 2న పనులు మళ్లీ మొదలయ్యాయి. ఒక్క ప్రాజెక్టును నమ్ముకుని బ్రాంచి తీసుకుంటే ఇంతే. అదే కుర్రాడు నిర్మాణాల డిజైన్ మీదో, నీటి వనరుల మీదో, సర్వేయింగ్ మీదో పట్టు సాధించి ఉంటే ఇంకో ఊరు వెళ్లైనా నిలదొక్కుకుని ఉండేవాడు.

నీటి వనరులంటే గుర్తుకొచ్చేది 2024 సెప్టెంబరు. బుడమేరు వాగుకు గండ్లు పడి విజయవాడలోని సింగ్ నగర్ మునిగింది. ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల 43 వేల క్యూసెక్కుల వరద వచ్చింది. బ్యారేజీ కట్టాక అంత నీరు చూసింది లేదు. ఆ వరదలో కొట్టుకొచ్చిన ఇనుప పడవలు గేట్ల దగ్గర గుద్దుకున్నాయి. గేటును తేలిగ్గా ఎత్తడానికి రెండో కొసన బరువుగా వేలాడే కాంక్రీటు దిమ్మెలు దెబ్బతిన్నాయి. అప్పుడు ప్రభుత్వం పిలిపించింది గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడిని. అంతకు కొద్ది వారాల ముందే తుంగభద్ర డ్యాంలో కొట్టుకుపోయిన 19వ గేటు స్థానంలో అడ్డు నిలిపింది కూడా ఆయన పర్యవేక్షణలోనే. బ్యారేజీలో దెబ్బతిన్న కాంక్రీటు దిమ్మెల బదులు ఉక్కువి అమర్చారు. అప్పటికే ఆయన వయసు డెబ్బై దాటింది. రెండు నదుల మీద రెండు ఆపదలకు అదే పెద్దాయనను వెతుక్కోవాల్సి వచ్చిందంటే, ఆ విద్య నేర్చుకున్న తరువాతి తరం ఎంత పలచగా ఉందో తెలుస్తుంది. దేశంలో వయసు మళ్లిన ఆనకట్టలు వందల్లో ఉన్నాయి. వాటన్నిటికీ గేట్లున్నాయి.

అందరూ వెళ్లే దారి వదిలి వెళ్లినవారు డెల్టాలో ఇంతకుముందూ ఉన్నారు. తెనాలి దగ్గర యలవర్రులో 1922లో పుట్టిన యలవర్తి నాయుడమ్మ తోలు పరిశోధన ఎంచుకున్నారు. రైతు కుటుంబంలో పుట్టినవాడు తోళ్లు ఊనేవాళ్ల మధ్య పని చేయడమేమిటని ఊరు ముక్కున వేలేసుకునే రోజులవి. అమెరికాలో లీహై విశ్వవిద్యాలయంలో డాక్టరేటు చేసి వచ్చి, మద్రాసులోని కేంద్ర తోలు పరిశోధన సంస్థకు డైరెక్టరయ్యారు. ఆ తరువాత దేశంలోని శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలికే డైరెక్టర్ జనరల్ అయ్యారు. ముడి తోళ్లు అమ్ముకునే దేశం తయారైన తోలు, చెప్పులు, సంచులు ఎగుమతి చేసే స్థితికి రావడంలో ఆయన సంస్థ చేసిన పని చాలా ఉంది.

బ్రాంచీల మధ్య ఒక తేడా తల్లిదండ్రులు గమనించాలి. ఎలక్ట్రికల్ (ట్రిపుల్ ఈ), ఎలక్ట్రానిక్స్ (ఈసీఈ), మెకానికల్ చదివినవారిని పెద్ద సాఫ్ట్‌వేర్ సర్వీసు కంపెనీలు తీసుకుంటాయి. కానీ విద్యుత్ సంస్థలో అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ) పోస్టుకు సీఎస్‌ఈ పట్టా పనికిరాదు. మైక్రోసాఫ్ట్ అధిపతి సత్య నాదెళ్ల 1988లో మణిపాల్‌లో పట్టా తీసుకున్నది ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్‌లోనే. అమెరికా వెళ్లాక కంప్యూటర్ సైన్స్‌లో మాస్టర్స్ చేశారు. మూల బ్రాంచి నుంచి సాఫ్ట్‌వేరుకు తలుపు తెరిచి ఉంది, అటునుంచి ఇటు రావడం కష్టం. పైగా విశాఖలో 1500 కోట్ల డాలర్లతో డేటా కేంద్రం పెడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. అలాంటి చోట వేలాది యంత్రాలకు కరెంటు ఆగకుండా అందించేవారు, వాటి వేడిని లాగేసేవారు కావాలి. అది ఎలక్ట్రికల్, మెకానికల్ వాళ్ల పని.

ఒక ఇబ్బంది కూడా దాచకుండా చెప్పాలి. మూల బ్రాంచీల పని చేసే కోర్ కంపెనీల్లో తొలి జీతం సాఫ్ట్‌వేరుతో పోలిస్తే తక్కువే. సైట్లో ఎండ, షిఫ్టులు, ఊళ్లు మారడం ఉంటాయి. ఇంటి అప్పు తీర్చే భారం వెంటనే మోయాల్సిన కుటుంబానికి ఆ తేడా చిన్నదేమీ కాదు. అలాంటివారు సీఎస్‌ఈ వైపు చూస్తే ఎవరూ తప్పుపట్టలేరు. ఆ బ్రాంచిలో చేరి కష్టపడి పనితనం సంపాదించుకోవాలి, అంతే.

బ్రాంచి సంగతి తేలాక కాలేజీ. బ్రోచరులో పెద్దక్షరాలతో వేసే అత్యధిక ప్యాకేజీ ఒక్క విద్యార్థిది. అడగాల్సింది మధ్యస్థ జీతం ఎంత అని. అంటే జీతాలన్నీ వరుసలో పెడితే సరిగ్గా నడిమిలో నిలిచే విద్యార్థికి ఎంత వచ్చింది అని. ఒకే అమ్మాయికి మూడు ఆఫర్లు వస్తే మూడు ఉద్యోగాలుగా రాసుకునే లెక్కలుంటాయి. ఆఫర్లెన్ని అని కాకుండా ఎంతమందికి వచ్చాయని అడగాలి. ఆ బ్రాంచిలో ఎంతమంది చేరారు, ఎంతమంది బ్యాక్‌లాగులు లేకుండా బయటపడ్డారు అనేది కూడా. చదువు నాణ్యత చూసి ఇచ్చే ఎన్‌బీఏ గుర్తింపు కాలేజీ మొత్తానికి ఇచ్చేది కాదు, బ్రాంచి వారీగా ఇస్తారు. ఈసీఈకి ఉన్నంత మాత్రాన కొత్తగా పెట్టిన డేటా సైన్స్‌కు ఉన్నట్టు కాదు. భారతదేశం 2014లో, ఇంజనీరింగ్ చదువులను దేశాలు పరస్పరం గుర్తించుకునే వాషింగ్టన్ ఒప్పందంలో పూర్తి సభ్యత్వం పొందింది కాబట్టి, విదేశాల్లో చదువుకో కొలువుకో వెళ్లేవారికి ఆ గుర్తింపు అక్కరకొస్తుంది.

వీలైతే ఒకరోజు ఆ కాలేజీకి వెళ్లాలి. రిసెప్షనులో ఏసీ గది చూసి వచ్చేయకుండా ల్యాబు దాకా నడవాలి. యంత్రాల మీద దుమ్ముందా, నూనె మరకలున్నాయా చూడాలి. నూనె మరకలుంటే మంచిదే, వాడుతున్నారన్నమాట. క్యాంటీను దగ్గర మూడో ఏడు విద్యార్థులను ఇద్దరిని ఆపి "ఏమ్మా, సార్లు క్లాసుకు వస్తారా?" అని అడిగితే ఏ వెబ్‌సైటూ చెప్పని నిజాలు అయిదు నిమిషాల్లో చెబుతారు.

మూల బ్రాంచి తీసుకున్నవారికి ఇప్పుడు ఇంకో వెసులుబాటుంది. అదనంగా పద్దెనిమిది, ఇరవై క్రెడిట్లు చదివితే వేరే విభాగంలో మైనర్ డిగ్రీ ఇస్తారు. మెకానికల్ మేజరుతో డేటా సైన్స్ మైనర్, సీఎస్‌ఈతో ఎలక్ట్రానిక్స్ మైనర్ అలా కలుపుకోవచ్చు. గేట్ పరీక్షకు మూడో ఏడు నుంచే కూర్చోవచ్చు. కొన్ని పెద్ద ప్రభుత్వ రంగ సంస్థలు ఆ స్కోరు చూసే పిలుస్తాయి. పదో తరగతి తరువాత పాలీసెట్ రాసి పాలిటెక్నిక్‌లో చేరినవారు కూడా వెనకబడిపోయినట్టేమీ కాదు. ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడులో చేరవచ్చు. వర్క్‌షాపులో చేతులు నలిపిన ఆ పిల్లలను కోర్ కంపెనీలు ఇష్టపడతాయి.

ఇక ఆప్షన్లు పెట్టే వారం చేయాల్సిన పని. వెబ్ ఆప్షన్లలో సీటు కేటాయింపు ర్యాంకును బట్టి, విద్యార్థి పెట్టిన వరుసను బట్టి జరుగుతుంది. నిజంగా చేరాలనుకున్న వరుసలోనే ఆప్షన్లు పెట్టాలి. వస్తుందో రాదోనని ఇష్టమైనదాన్ని కిందికి దించడం వల్ల లాభం లేదు. వచ్చినా చేరము అనుకున్న కాలేజీని జాబితాలో అసలు పెట్టవద్దు. గత ఏడాది ఏ ర్యాంకు దగ్గర ఏ సీటు ఆగిందో కౌన్సెలింగ్ వెబ్‌సైటులో ఉంటుంది. అది ముందు పెట్టుకుని కాగితం మీద వరుస రాసుకున్నాకే కంప్యూటరు ముందు కూర్చోవాలి. పాస్‌వర్డ్ నెట్ సెంటరువారి చేతికి ఇవ్వకుండా పిల్లలే టైపు చేయాలి. ఆప్షన్ల మార్పుకు ప్రత్యేకంగా ఒక రోజు ఇస్తారు, ఆ తేదీ కేలండరులో గుర్తు పెట్టుకోండి. సర్టిఫికెట్ల పరిశీలనలో అనుమానం వస్తే దగ్గర్లోని ప్రభుత్వ పాలిటెక్నిక్ సహాయ కేంద్రానికి వెళ్లండి. అక్కడ సలహాకు రుసుము ఉండదు.